లయ తప్పిన గుండె, బీపీ అంకెలు, కొలెస్ట్రాల్ మాత్ర: మా అమ్మ విషయంలో నేర్చుకున్నది

మీ నాన్నగారికి 72 ఏళ్లు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పే జబ్బు, ఉందన్నారు. బీపీ మిషన్ 160 చూపించి, ఐదు నిమిషాలకే 128 అంటోంది, ఏది నమ్మాలి, కొలెస్ట్రాల్ మాత్ర కూడా అవసరమా అని అడిగారు. మా అమ్మకు 74. ఇక్కడ చెన్నైలో, పెరంబూరులో మా దగ్గరే ఉంటుంది. ఆమెదీ ఇదే జబ్బు.

బహుశా మీ మిషన్ బాగానే ఉంది. లయ తప్పినప్పుడు గుండె ఒక దెబ్బకు ఎక్కువ రక్తం, మరో దెబ్బకు తక్కువ రక్తం తోస్తుంది. అందుకే అంకె నిలకడగా ఉండదు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, నిమిషం ఎడంతో మూడుసార్లు చూసి సగటు రాసుకోండి.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక రాత్రి 168 చూసి బెదిరిపోయి, ఎవరినీ అడగకుండా అమ్మకు బీపీ మాత్ర ఇంకో సగం వేశాను. తెల్లవారుజామున బాత్రూముకని లేచి, కళ్లు తిరిగి పడిపోయింది. నుదుటి మీద బొప్పి. రక్తం పలచబరిచే మాత్ర వాడే మనిషికి తలకు దెబ్బంటే మాటలు కాదు. స్కాన్ చూసి లోపల ఏమీ లేదనే దాకా నా ప్రాణం నాలో లేదు. ఇప్పుడు లేచి నిలబడ్డాక కూడా ఒకసారి బీపీ చూస్తాం. ఎక్కువగా ఉంటే పుస్తకంలో రాసి డాక్టరుకు చూపిస్తాం, అంతేగాని మాత్ర ముట్టుకోం.

కొలెస్ట్రాల్ మాత్ర లయను సరిచేయదు, నిజమే. కానీ పక్షవాతం రెండు దారుల్లో రావచ్చు. గుండె పైగదిలో గడ్డకట్టిన రక్తం మెదడుకు పోవచ్చు, దానికి రక్తం పలచబరిచే మాత్ర. రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని మూసుకుపోవచ్చు, దానికి కొలెస్ట్రాల్ మాత్ర. ఒకటి వేస్తే రెండోది అక్కర్లేదని కాదు.

అయితే మాత్రలు ఒకదాన్నొకటి కదిలిస్తాయి. అమ్మకు నాడి వేగం తగ్గడానికి డిల్టియాజెం ఉండేది. దానితో కొలెస్ట్రాల్ మాత్ర అటోర్వాస్టాటిన్ రక్తంలో పెరుగుతుందట, అప్పుడు కండరాల నొప్పులు రావచ్చట. తొడలు పీకుతున్నాయని వారాల తరబడి అంటుంటే వయసు నొప్పులనుకున్నాం. అమ్మ మెడికల్ షాపులో నొప్పి మాత్ర తెప్పించుకుంది కూడా. పలచబరిచే మందుతో అవి కలిస్తే రక్తస్రావం ముప్పు, బీపీ కూడా పెరుగుతుంది. డాక్టరు రోసువాస్టాటిన్ అనే మరో కొలెస్ట్రాల్ మాత్రకు మార్చారు. అమ్మకు గుండె కవాటం సన్నబడింది గనక రక్తం పలచబరచడానికి వాడేది అసెనోకుమరాల్. కొలెస్ట్రాల్ మాత్ర మార్చాక ఐఎన్‌ఆర్, అంటే రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష, మళ్లీ చూపించమన్నారు. ఆమెకది 2 నుంచి 3 మధ్య ఉండాలి.

వాడేది అసెనోకుమరాలో, అలాంటిదే అయిన వార్ఫరినో అయితే, ఆకుకూర ఆ మందు పనిని తగ్గిస్తుంది గానీ మానక్కర్లేదు, ఒకే లెక్కలో తినాలి. మా వీధిలో కీరై (ఆకుకూర) అమ్మే ఆవిడ దగ్గర వారానికి రెండు కట్టలే. బీపీ కోసం ఉప్పు తగ్గించాలి గనక ఆవకాయ తగ్గించడమే కష్టమైంది, ఇప్పుడు ఆదివారం ఒక్క ముక్క.

మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా బీపీ చూస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. రక్తం పలచబరిచే మాత్ర చివరిసారి ఎన్నింటికి వేసుకున్నారని అక్కడ తప్పక అడుగుతారు.