మాస్కో స్వర్ణం తర్వాత మన హాకీ ఎందుకు పడిపోయింది?

1980 మాస్కో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టు ఆ తర్వాత ఎందుకు పడిపోయింది, ఆస్ట్రోటర్ఫ్ (మట్టికీ గడ్డికీ బదులు మైదానంలో పరిచే కృత్రిమ పచ్చిక) ఒక్కటే కారణమా అని అడిగారు. అమలాపురంలో హాకీ మొదలుపెట్టిన మీ అబ్బాయిని ఈ ఆటలో కొనసాగించమంటారా అని కూడా అడిగారు. నేను కాకినాడలో చదువుకునే రోజుల్లో లెఫ్ట్ హాఫ్ ఆడేవాణ్ణి. ఆట మానేశాక కూడా భారత్ మ్యాచ్ ఉందంటే వదలను. నాకు తెలిసినంతలో ఈ పతనం మాస్కో తర్వాత వచ్చింది కాదు, అంతకు నాలుగేళ్ళ ముందే మొదలైంది. ఆ స్వర్ణం దాన్ని మన కంట పడనివ్వలేదు.

1975 మార్చిలో కౌలాలంపూర్‌లో అజిత్‌పాల్ సింగ్ జట్టు పాకిస్తాన్‌ని 2-1తో ఓడించి ప్రపంచకప్ తెచ్చింది. ఇప్పటికీ మనకున్న ప్రపంచకప్ అదొక్కటే. మరుసటి ఏడాది మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీని మొదటిసారి కృత్రిమ టర్ఫ్ మీద ఆడించారు. ఆస్ట్రేలియా చేతిలో 1-6తో ఓడిపోయాం, ఏడో స్థానంలో నిలిచాం. 1928 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ హాకీలో పతకం తెచ్చుకున్న దేశం మొట్టమొదటిసారి ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

మాంట్రియల్‌లో మొదటి ఐదు స్థానాలూ వరుసగా న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, పాకిస్తాన్, నెదర్లాండ్స్, పశ్చిమ జర్మనీలవి. అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేనలు వెళ్ళినందుకు జరిగిన బహిష్కరణ వల్ల ఈ ఐదింటిలో ఒక్క జట్టూ మాస్కోలో ఆడలేదు. పురుషుల హాకీలో ఆడినవి ఆరే జట్లు. టాంజానియా మీద 18, క్యూబా మీద 13 గోల్స్ కొట్టాం. పోలెండ్‌తోనూ స్పెయిన్‌తోనూ మాత్రం 2-2 డ్రా. అసలు హెచ్చరిక ఆ డ్రాలలో ఉంది. ఫైనల్ చేరిన స్పెయిన్, మనం మాంట్రియల్‌లో ఆరు, ఏడు స్థానాల వాళ్ళం.

ఇంత చెప్పానని ఆ కుర్రాళ్ళ కష్టాన్ని తక్కువ చేస్తున్నాననుకోవద్దు. ఎదురుగా ఉన్న జట్టుతోనే ఎవరైనా ఆడగలిగేది. భాస్కరన్ కెప్టెన్సీలో ఫైనల్లో 3-0 ఆధిక్యం సంపాదించారు, సురీందర్ సింగ్ సోధీ రెండు గోల్స్ కొట్టాడు. స్పెయిన్ రెండు గోల్స్ తిరిగిచ్చాక మహమ్మద్ షాహిద్ నాలుగోది వేశాడు. చివరికి 4-3. షాహిద్ డ్రిబ్లింగ్, అంటే బంతిని కర్రకి అంటిపెట్టుకుని ఎదుటివాళ్ళని తప్పించుకుపోవడం, గురించి విని మేం గ్రౌండ్‌లో ఎన్ని సాయంత్రాలు దాన్ని ప్రయత్నించామో! ఆ పతకం నిజమైనదే. ఇంకేం, మళ్ళీ మన రోజులొచ్చేశాయని దేశమంతా అనుకోవడమే కొంప ముంచింది.

ఇక టర్ఫ్ సంగతి. మా కోనసీమ ఊళ్ళలో హాకీ ఎలా ఆడేవాళ్ళమో చెబితే ఇది సులభంగా అర్థమవుతుంది. వర్షాకాలంలో గ్రౌండ్ చెరువైపోయేది. కోతలయ్యాక ఎండిన చేలో వరి మోళ్ళు చెక్కేసి, సరుగుడు కర్రలు పాతితే అవే గోల్ పోస్టులు. ఎండాకాలం వచ్చేసరికి నేల బీటలు వారేది. బంతి ఎటు ఎగురుతుందో తెలియదు. కాబట్టి మొదట బంతిని ఆపడం రావాలి, ఆపాక కర్రకి అంటిపెట్టుకుని మెలికలు తిప్పుతూ తీసుకెళ్ళాలి. దేశమంతటా మట్టి మీదా గడ్డి మీదా పెరిగిన మన హాకీ నైపుణ్యమంతా ఇలాంటిదే.

ఎనభైల చివర్లో యూనివర్సిటీ జట్టుతో ఉత్తరాదికి వెళ్ళినప్పుడు మొదటిసారి టర్ఫ్ మీద అడుగుపెట్టాను. బంతి ఎగరదు. తిన్నగా, మట్టి మీదకంటే ఎంతో వేగంగా వస్తుంది. నేను ఆపి, తలెత్తి, ఎవరికివ్వాలా అని చూసేలోపు అవతలివాడు మీద పడేవాడు. వాళ్ళు బంతిని దగ్గర ఉంచుకోవడమే లేదు, పుష్ చేసి పరుగెత్తుతున్నారు. సగం ఆట కాకముందే నా పిక్కలు పట్టేశాయి. మా జట్టులో అందరికంటే బాగా డ్రిబ్లింగ్ చేసేవాడికి ఆ రోజు బంతే దొరకలేదు. చిన్నప్పటి నుంచి నేర్చుకున్నదంతా అక్కడ సగం కూడా పనికిరాదని ఒక్క మ్యాచ్‌లో తెలిసొచ్చింది.

యూరప్ దేశాలూ ఆస్ట్రేలియా టర్ఫ్ పరుచుకుంటూ పోతుంటే మన పిల్లలు ఏళ్ళ తరబడి మట్టి మీదే ఆడారు. జాతీయ శిబిరానికి ఎంపికయ్యాక గానీ చాలామందికి టర్ఫ్ ముఖం తెలియదు. అప్పటికి అలవాట్లు ముదిరిపోయి ఉంటాయి. అయితే మీరడిగినట్టు అదొక్కటే కారణమంటే నేనొప్పుకోను. టర్ఫ్ పాకిస్తాన్‌కీ కొత్తే, అయినా వాళ్ళు 1984లో ఒలింపిక్ స్వర్ణం గెలిచారు. మారాలన్న తొందర మన పెద్దలకి లేకపోయింది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో అదే పాకిస్తాన్ చేతిలో 1-7తో ఓడినప్పుడు ఏం చేశాం? గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగి ఒక్కడి మీద నిందంతా వేశాం. అతన్ని దేశద్రోహి అన్నారు. తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది. ఏడు గోల్స్ పడ్డాయంటే ముందున్న పదిమందీ, వాళ్ళను తయారుచేసిన పద్ధతీ ఏమైనట్టు?

1986 లండన్ ప్రపంచకప్‌లో పన్నెండు జట్లలో పన్నెండోవాళ్ళం. 1998లో ధన్‌రాజ్ పిళ్ళై జట్టు బ్యాంకాక్‌లో ఆసియా స్వర్ణం తెచ్చింది గానీ ఆ ఊపు నిలవలేదు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కి అర్హతే సాధించలేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మళ్ళీ చిట్టచివరి స్థానం. మాస్కో తర్వాత ఒలింపిక్ పతకం చూడటానికి 2021 ఆగస్టు దాకా ఆగాల్సొచ్చింది. టోక్యోలో జర్మనీ మీద 5-4తో కాంస్యం గెలిచిన రోజు ఇంట్లో అందరి ముందూ ఏడ్చేశాను. 2024లో పారిస్‌లో ఇంకో కాంస్యం వచ్చింది. 2018 నుంచి ఒడిశా ప్రభుత్వం జట్లకి అండగా నిలవడం ఇందులో పెద్ద మేలు చేసింది.

మీ అబ్బాయిని తప్పకుండా ఆడించండి. మట్టి గ్రౌండ్‌లో ఆడుతున్నాడని బెంగపడకండి, బంతిని ఆపడం నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. కానీ పన్నెండు, పదమూడేళ్ళు వచ్చేలోపు టర్ఫ్ అలవాటు చేయాలి. 2023లో సీనియర్ మహిళల జాతీయ పోటీలు కాకినాడలోనే జరిగాయి కాబట్టి మన పిల్లలు దానికోసం రాష్ట్రం దాటక్కర్లేదు. సెలవుల్లో తీసుకెళ్ళి అక్కడి కోచ్‌తో మాట్లాడండి. బంతి అందుకోకముందే తలెత్తి చూడటం, వచ్చిన బంతిని ఒక్క టచ్‌లో వదలడం, ఈ రెండూ ముందు నేర్పమనండి. డ్రిబ్లింగ్ వాడంతట వాడే చేస్తాడు.