ఒక్క పూట చూసి పొగరన్నారు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఎనిమిది నెలల కింద నన్ను కల్వకుర్తి దగ్గరి ఊరికి ఇచ్చారు. పెళ్లయిన మర్నాడు వ్రతం. అప్పటికి నిద్ర లేదు, పైగా జ్వరం. చుట్టాలు పలకరిస్తే ముక్తసరిగా జవాబు చెప్పి లోపలికి వెళ్లి పడుకున్నాను. ఆ రోజు నుంచి అత్తమ్మ, ఆడబిడ్డ నాకు 'మస్తు పొగరు' అని పేరు పెట్టారు. బతుకమ్మ ఆడే చోట వాడకట్టోళ్లు కూడా నాతో మాట కలపలేదు. ఇప్పుడు నోరు తెరవాలంటేనే టెన్షన్. మా ఆయన 'పట్టించుకోకు' అంటాడు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, పట్టించుకోకుండా ఉంటే ఇది పోదు. ఎందుకో చెప్తాను.

కొత్త మనిషి ఎలాంటిదో తేల్చుకోవడానికి మనకు ఎక్కువ సమాచారం అక్కర్లేదు, ఒక్క మాట చాలు. సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1946లో దీన్ని చూపించాడు. ఒక మనిషి గుణాల జాబితాను రెండు గుంపులకు ఇచ్చాడు. తెలివి, కష్టపడే స్వభావం లాంటివన్నీ రెండింటిలో ఒకటే. ఒకదాంట్లో మాత్రం 'ఆప్యాయత గలవాడు' అని, రెండోదాంట్లో 'అంటీముట్టనివాడు' అని ఉంది. ఆ ఒక్క మాటతో ఆ మనిషి గురించిన ఊహే మారిపోయింది. 1950లో హెరాల్డ్ కెల్లీ ఇంకో అడుగు ముందుకెళ్లాడు. క్లాసుకు కొత్తగా వచ్చే ఉపాధ్యాయుడి పరిచయ కాగితంలో ఇదే తేడా పెట్టి విద్యార్థులకు పంచాడు. అందరూ విన్నది ఒకే పాఠం. అయినా 'అంటీముట్టనివాడు' అని చదివినవాళ్లు ఆయనతో చర్చలో తక్కువగా కలిశారు. మీ వాడకట్టోళ్లకు 'పొగరు' అనే మాట ముందే చేరింది. వాళ్లు ఆ మాటతో మాట్లాడారు, మీతో కాదు.

ఇక మీ జ్వరం సంగతి. ఎదుటివాళ్లు చేసిన పనికి పరిస్థితిని వదిలేసి స్వభావాన్నే కారణంగా చూడడాన్ని లీ రాస్ 1977లో 'మౌలిక ఆపాదన దోషం' అన్నాడు. ఇక్కడ నాకు చాలా ఇష్టమైన పరిశోధన ఒకటుంది. జోన్ మిల్లర్ 1984లో అమెరికావాళ్లను, మన మైసూరువాళ్లను పోల్చింది. పెద్దవాళ్లలో అమెరికావాళ్లు స్వభావాన్ని ఎక్కువగా కారణంగా చెప్తే, మైసూరువాళ్లు పరిస్థితిని ఎక్కువగా చెప్పారు. అంటే మన పెద్దలకు పరిస్థితి చూడడం రాక కాదు. కొడుకు ఫోన్ ఎత్తకపోతే 'పనిలో ఉన్నడేమో' అనే అత్తమ్మే, కోడలు మాట్లాడకపోతే పొగరంటుంది. ఆ ఓర్పు కోడలి దాకా రాకపోవడమే బాధ.

అందుకే ఆ రోజు సంగతి వాళ్లకు తెలియాలి. మీరు చెప్తే సాకులా వినిపించవచ్చు. మీ ఆయన చెప్పాలి, అదీ పదిమందిలో కాకుండా తల్లి ఒక్కతే ఉన్నప్పుడు: 'అమ్మా, ఆనాడు ఆమెకు జ్వరముండె. నేను చెప్పకపోతిని.' ఇది ఆయన బాధ్యత, వదలకండి.

మీ వైపు నుంచి ఒక్క మనిషితో మొదలుపెట్టండి. గుంపులో మాట్లాడడం ఇప్పుడు మీకు కష్టం, అవసరమూ లేదు. మీది సాగర్ కాలువ కింద వరి పండే ఊరు, వాళ్లది మెట్ట పొలాల ప్రాంతం. జొన్నరొట్టె చేయడం నేర్పమని అత్తమ్మను అడగండి. రొట్టె విరిగిపోయినా ఫర్వాలేదు. పొయ్యి దగ్గర పక్కపక్కన కూర్చుంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఒక్కరోజులో ఏమీ మారదు. వేసుకున్న ముద్రకు సరిపోయేదే మనుషుల కంటికి త్వరగా ఆనుతుంది, కాబట్టి కొన్ని వారాలు ఓపిక పట్టాలి.

ఒకమాట కఠినంగా అనిపించినా అడుగుతున్నాను. అత్తమ్మ 'గయ్యాళి' అని మీరూ తేల్చేసుకున్నారా? ఆ రోజు ఇంటినిండా చుట్టాలు, వంటలు, మర్యాదలు ఆమె నెత్తిన ఉన్నాయి. ఆమె పరిస్థితి కూడా చూడండి.

అయితే ఈ పొగరు మాటలు కట్నం దెప్పులుగానో, చేయి చేసుకోవడంగానో మారితే ఈ ఓపిక సలహా వర్తించదు. పుట్టింటికి చెప్పండి, 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.