వగరు తెలిసిన నాలుక

బుజ్జీ,

నిన్న నువ్వు ఫోన్లో చెప్పింది రాత్రంతా నా బుర్రలో తిరుగుతూనే ఉందే. టీమ్ డిన్నర్లో అందరూ వైన్ చేసే ద్రాక్ష రకాల పేర్లు చెప్పి ఇది బాగుంటుంది, అది దండగ అని మాట్లాడుకుంటుంటే నీకు మాట రాక, పక్కనమ్మాయి ఏది చెబితే దానికే 'నాకూ అదే' అన్నానన్నావు. ఇప్పుడు శనివారం అందరూ కలిసి ఇక్కడ కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ వైనరీలకి వెళ్దామంటున్నారని టెన్షన్ పడుతున్నావు. ఆ లివర్‌మోర్లోనే వచ్చినవాళ్లకి వైన్లు రుచి చూపించే ఒక టేస్టింగ్ రూములో తొమ్మిదేళ్లు శని, ఆదివారాలు పనిచేశాను కదా, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. తాగాలని లేకపోతే 'నేను తాగను' అని చెప్పు, కారణం ఎవరికీ చెప్పక్కర్లేదు. రుచి చూద్దామనుకుంటున్నానన్నావు కాబట్టే మిగతాదంతా రాస్తున్నాను.

మన ఊళ్లో వైన్స్ అంటే మందు కొట్టు, అందులో బీరూ విస్కీయే ఎక్కువ. కాబట్టి ఈ రకాల సంగతి ఇంట్లో తెలిసే దారే లేదు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ వాళ్లకి లేనిది ఒకటి నీకుంది. రెడ్ వైన్ గురించి మాట్లాడేటప్పుడు టానిన్, టానిన్ అంటారు చూశావా, నాలుక పట్టేసినట్టు, చిగుళ్లు ఎండిపోయినట్టు అవడం, దాన్ని మా కౌంటర్ దగ్గరికొచ్చిన వాళ్లకి వివరించడానికి నాకు తాతలు దిగొచ్చేవారు, ఎందుకంటే చాలామంది దాన్ని చేదుతోనో పులుపుతోనో కలిపేసేవాళ్లు. మనకి దానికి చిన్నప్పటినుంచీ ఒక మాట ఉంది. వగరు. ఉగాది పచ్చడిలో మామిడి ముక్క, పచ్చి జామకాయ, బాగా మరిగిపోయిన టీ, అన్నీ అదే. ఆ వగరు ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ వస్తుంది. రెడ్ వైన్‌ని తొక్కలతోనే పులియబెడతారు, వైట్‌కి ముందే రసం పిండి తొక్కలు తీసేస్తారు. కాబెర్నే సావిన్యోన్ అనే రెడ్ వైన్ ద్రాక్షకి తొక్క మందం, గింజలెక్కువ, అందుకే వగరెక్కువ. పినో న్వార్ అనే ఇంకో రెడ్ వైన్ ద్రాక్షకి తొక్క పల్చన, కాబట్టి తేలిగ్గా ఉంటుంది. రెడ్ గుక్క నోట్లో పోసుకోగానే 'ఈ వగరు నాకు బాగుందా లేదా' అని నిన్ను నువ్వు అడుగు. దానికి జవాబు దొరికితే సగం రకాల మీద నీకొక అభిప్రాయం వచ్చేసినట్టే.

ఎవరో కాసిస్ (ఒక నల్లటి చిన్న పండు) అన్నారనీ గూస్‌బెర్రీ అన్నారనీ కంగారు పడకు. నువ్వు ఎప్పుడూ తినని పండు వాసన నీకు ఎలా తెలుస్తుంది? (గూస్‌బెర్రీ అంటే మన ఉసిరికాయ కూడా కాదు, అది వేరే పండు.) నీకు తెలిసిన వాసనలే చెప్పు. సిరా అనే రెడ్ వైన్లో మిరియాల ఘాటు తగులుతుంది, అది ఊహ కాదు, మిరియాల్లో ఉండే రోటండోన్ అనే పదార్థమే ఆ వైన్లోనూ ఉందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు. గెవుర్ట్స్‌ట్రామినర్ అనే వైట్ వైన్లో లిచీ పండు వాసన వస్తుంది.

లివర్‌మోర్ వెళ్తే షార్డొనే అనే వైట్ వైన్ తప్పకుండా పోస్తారు. వెంటే (Wente) అనే ఇంటిపేరున్న కుటుంబం అక్కడ 1883 నుంచి వైన్ చేస్తోంది, కాలిఫోర్నియాలో ఇవాళ పెరుగుతున్న షార్డొనే తీగల్లో చాలావరకు వాళ్ల తోటలోంచి వెళ్లిన కొమ్మల సంతతే. జనం మధ్య ఎక్కువ గొడవ కూడా ఈ ద్రాక్ష మీదే. కొందరికి ప్రాణం, కొందరు షార్డొనే తప్ప ఏదైనా ఇవ్వండి అంటారు. నేను చూసినంతలో వాళ్లకి నచ్చనిది ద్రాక్ష కాదు, చేసిన తీరు. ద్రాక్షలో పచ్చి ఆపిల్ పులుపు లాంటి మాలిక్ యాసిడ్ ఉంటుంది, దాన్ని బాక్టీరియా మన పెరుగులో ఉండే లాక్టిక్ యాసిడ్‌గా మారుస్తాయి. ఆ మార్పులో డయాసిటైల్ అనేది పుడుతుంది, వెన్న వాసన దానిదే. పైగా కొత్త ఓక్ పీపాలో పెడితే వెనీలా వాసన పడుతుంది. ఇవి రెండూ బాగా తగ్గిస్తే అదే షార్డొనే నిమ్మకాయలా చురుగ్గా ఉంటుంది, ఫ్రాన్స్‌లో షాబ్లీ అని అమ్మేది ఎక్కువగా అలాంటిదే. అందుకని నచ్చకపోతే 'షార్డొనే నచ్చదు' అనెయ్యకు, 'ఓక్ లేనిది ఉందా' అని అడిగి అది కూడా ఒక గుక్క చూసి అప్పుడు చెప్పు.

పేర్లు కూడా బాగా తికమక పెడతాయి. మా దగ్గరికి ఒకాయన వచ్చేవారు, ఇటలీ రెడ్ వైన్ ప్రిమిటీవో అంటే చాలా ఇష్టం, కాలిఫోర్నియా జిన్‌ఫండెల్ మాత్రం వద్దనేవారు. రెండూ ఒకే ద్రాక్ష. దాని అసలు ఊరు క్రొయేషియా అని 2001లో డీఎన్ఏ పరీక్షలో తేలింది. సిరా, షిరాజ్ కూడా ఒకటే, పినో గ్రీ, పినో గ్రీజో ఒకటే. అమెరికాలో సీసా మీద ద్రాక్ష పేరు వేయాలంటే మామూలుగా 75 శాతం ఆ ద్రాక్ష ఉంటే చాలు, మిగతా పావువంతు ఇంకేదైనా కలపొచ్చు. ఇంక అభిప్రాయాలంటావా, 2004లో ఒక సినిమాలో హీరో మెర్లో అనే రెడ్ వైన్ తాగనని అరిచాడని జనం ఆ ద్రాక్షనే చిన్నచూపు చూశారు, ఫ్రాన్స్‌లోని బోర్డోలో పెత్రూస్ లాంటి చాలా ఖరీదైన వైన్‌ని చేసేది మెర్లోతోనే అయినా సరే. ఫ్రాన్స్‌లో అయితే వైన్ చదువు చదివే 54 మంది విద్యార్థులకి వైట్ వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, రెడ్ వైన్‌కి వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. కంటికి, పేరుకి, ధరకి అంత బలం ఉంటుంది. అందుకే పక్కవాళ్లు చెప్పేలోపే నీ మాట మనసులో అనేసుకో, కుదిరితే ఫోన్లో రెండు ముక్కలు రాసుకో.

ఇంకొకటి, నేను ఏళ్లతరబడి చేసిన తప్పు. నలుగురిలో గొప్పగా ఉంటుందని బిర్యానీతో కూడా కాబెర్నేయే తాగేదాన్ని. నోరు మంటెత్తిపోయేది, మన కారమే ఎక్కువైందనుకుని వంటలో కారం తగ్గించాను కూడా. నిజానికి ఆల్కహాల్ కారం మంటని పెంచుతుంది, వగరు దానికి ఇంకా తోడవుతుంది. కొంచెం తీపి ఉండి ఆల్కహాల్ తక్కువున్నదైతే కారాన్ని చల్లారుస్తుంది. జర్మనీలో మోజెల్ ప్రాంతపు రీస్లింగ్ అనే వైట్ వైన్లలో సీసా మీద ఆల్కహాల్ 8 శాతమో 9 శాతమో అని ఉంటే తీపి ఉంటుందని తెలుసుకో, 12 దాటినా, ట్రోకెన్ (జర్మన్‌లో తీపి లేనిదని) అని ఉన్నా తీపి ఉండదు. తీపి వైన్ తాగేవాళ్లకి రుచి తెలియదని ఎవరైనా అంటే పట్టించుకోకు. మన తిండికి అది సరిపోయినంతగా ఇంకోటి సరిపోవడం నేను చూడలేదు.

ఇక శనివారం కడుపునిండా తిని వెళ్లు, సెంటు కొట్టుకోకు, వాసనలు తెలియవు. వైట్‌తో మొదలుపెట్టి రెడ్‌కి రా. నచ్చనిది గ్లాసులోంచి పక్కనున్న పాత్రలో ఒంపెయ్, నచ్చినది కూడా పుక్కిలించి ఉమ్మెయ్యొచ్చు, దాన్ని పెట్టేదే అందుకు, మేమెవరం ఏమీ అనుకోం. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది సీసా బిరడా కార్క్ వల్ల వైన్ చెడడం, మొహమాటపడకుండా చెప్పు, మారుస్తారు. కారు నడిపేదెవరో పొద్దున్నే తేల్చుకోండి, ఆ మనిషి చుక్క ముట్టకూడదు.

సాయంత్రం తిన్నగా మా ఇంటికి రా. గుత్తివంకాయ చేస్తాను, కారం తగ్గించను, రీస్లింగ్ సీసా ఒకటి ఇవాళే ఫ్రిజ్‌లో పెట్టేశాను. ఫోన్లో రాసుకున్నవన్నీ నాకు చదివి వినిపించాలి.

మీ అత్త