కోడిపిల్లల తెల్లపారుడుకూ మనిషి టైఫాయిడ్‌కూ సంబంధం ఉందా?

ప్రశ్న: మాకు అనపర్తి దగ్గర లేయర్ (గుడ్లు పెట్టే) కోళ్ల షెడ్డు ఉంది. కొత్తగా దింపిన పిల్లలు తెల్లగా పారుకుని, వెనుక భాగంలో రెట్ట అంటుకుపోయి చాలావరకు చనిపోయాయి. పరీక్ష చేయిస్తే సాల్మొనెల్లా అన్నారు. ఆ తర్వాత మా మామగారికి జ్వరం రాగా, వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అని చెప్పారు. అదీ సాల్మొనెల్లా వల్ల వచ్చేదే కనుక మా షెడ్డు నుంచే వచ్చిందని ఊళ్లో అంటున్నారు. నిజమేనా? మా పెద్ద కోళ్ల గుడ్లు మేము తినవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఊళ్లో అనుకుంటున్నది నిజం కాదమ్మా. సాల్మొనెల్లా అనేది కొన్ని క్రిములకు ఒక ఇంటిపేరు లాంటిది. ఆ పేరుతో 2,500కు పైగా రకాలున్నాయి, వాటి నడవడి ఒక్కటి కాదు. టైఫాయిడ్ తెచ్చే టైఫీ రకం మనిషిలో తప్ప మరే జీవిలోనూ స్థిరపడదు. రోగి మలంతోనో, పైకి ఆరోగ్యంగా కనిపిస్తూ ఆ క్రిమిని మోస్తున్న వ్యక్తి మలంతోనో కలుషితమైన నీరు, ఆహారం ద్వారా అది వ్యాపిస్తుంది. కనుక మీరు ముందు చూసుకోవలసింది ఇంటి తాగునీటిని.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి పిల్లలను చంపినది పుల్లోరం రకం అయి ఉంటుంది. అది తల్లికోడి అండాశయం నుంచి గుడ్డులోకి చేరి, పొదిగే యంత్రంలోనే పక్క పిల్లలకు కూడా అంటుకుంటుంది. మనుషులకు సోకడం చాలా అరుదు. మందులతో చావులు తగ్గుతాయేమో గాని, బతికిన కోళ్లు క్రిమిని మోస్తూనే ఉంటాయి. అందుచేత తల్లికోళ్లకు రక్తపరీక్ష చేసి, క్రిమి ఉన్నవాటిని ఏరివేశారా లేదా అని హేచరీవారిని (పిల్లలను పొదిగించి అమ్మేవారిని) అడిగే హక్కు మీకుంది.

వైడాల్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ పరీక్ష చూసేది క్రిమిని కాదు, దానికి ఎదురుగా శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలను. ఎప్పుడో వచ్చి తగ్గిన జ్వరం, వేయించుకున్న టీకా, మరో రకం సాల్మొనెల్లా, వీటిలో ఏది ఉన్నా ఫలితం పాజిటివ్‌గా రావచ్చు. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) చేయిస్తేనే గట్టి ఆధారం దొరుకుతుంది. మన జిల్లాల్లో ప్రతి జ్వరానికీ వైడాల్ రాయడం, దాని మీదే టైఫాయిడ్ అని తేల్చేయడం అలవాటుగా మారింది. అది మంచి అలవాటని నేను అనలేను.

ఇక గుడ్ల సంగతి. జబ్బుపడిన కోడిని చూసి మనం భయపడతాం గాని, మనిషి పేగుకు ముప్పు తెచ్చే ఎంటెరిటిడిస్, టైఫిమ్యూరియం రకాలు ఎదిగిన కోడిని సాధారణంగా ఏమీ చేయవు. అది మామూలుగా తింటూ, గుడ్లు పెడుతూనే రెట్టలో క్రిమిని వదులుతుంది. ఎంటెరిటిడిస్ అయితే అండాశయంలో చేరి, పెంకు ఏర్పడకముందే గుడ్డు లోపలికి వెళ్లగలదు. 1988 డిసెంబరులో బ్రిటన్ ఆరోగ్యశాఖ సహాయమంత్రి ఎడ్వినా కరీ ఆ దేశపు గుడ్లలో ఎక్కువ భాగానికి సాల్మొనెల్లా సోకిందని ప్రకటించగా, గుడ్ల అమ్మకాలు కుప్పకూలాయి. రెండు వారాలలో ఆమె రాజీనామా చేశారు. 1990ల చివరి నుంచి అక్కడ లేయర్ కోళ్లకు విస్తృతంగా టీకాలు వేయడంతో కేసులు బాగా తగ్గాయి. కోళ్లకు జబ్బు తెచ్చే పుల్లోరం వంటి సాల్మొనెల్లా రకాలను నిర్మూలించడం వల్ల ఖాళీ అయిన చోటులోకే ఎంటెరిటిడిస్ ప్రవేశించిందని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ.

మీ గుడ్లు తినండి, కాని పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించండి, పగిలినవి వాడకండి. గుడ్లను కడిగి నిల్వ చేయవద్దు, ఎందుకంటే పెంకు మీది సహజమైన పొర పోతే తడితోపాటు క్రిములు లోపలికి వెళ్తాయి. షెడ్డు చెప్పులను షెడ్డు దగ్గరే వదిలి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే వంటింట్లోకి వెళ్లండి. ఈ రకాలు సోకితే సాధారణంగా 6 నుంచి 72 గంటల్లో విరేచనాలు, జ్వరం, కడుపునొప్పి మొదలై, వారంలోపు వాటంతటవే తగ్గుతాయి. అప్పటివరకు ఓఆర్ఎస్ ముఖ్యం. సొంతంగా యాంటీబయాటిక్ మింగితే క్రిమి పేగులో ఇంకా ఎక్కువ కాలం నిలిచిపోయే అవకాశం ఉంది. పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణుల విషయంలోనూ, విరేచనంలో రక్తం కనిపించినప్పుడూ ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి.

ప్రశ్న: కోడిమాంసాన్ని ఉప్పు, పసుపు వేసి కడిగితే క్రిములు పోతాయా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పోవు, పైగా తుంపర్లతో సింకు చుట్టూ చేరతాయి. సాల్మొనెల్లాతోపాటు కోడిమాంసంలో ఎక్కువగా ఉండేది కాంపైలోబ్యాక్టర్ అనే క్రిమి. కోడి ఒంటి వేడి 41, 42 డిగ్రీలు దానికి సరిగ్గా సరిపోతుంది. కోడికి జబ్బు కనిపించదు, మనిషికి మాత్రం కొన్ని వందల క్రిములు చాలు. 2 నుంచి 5 రోజుల్లో విరేచనాలు వస్తాయి. అరుదుగా, సుమారు వెయ్యిమందిలో ఒకరికి, ఆ తర్వాత గిలాన్ బారే అనే నరాల పక్షవాతం రావచ్చు.

ముక్క లోపల 74 డిగ్రీల వేడి తగిలితే ఈ క్రిములు చస్తాయి కనుక, కుతకుత ఉడికిన కూర వల్ల చిక్కు లేదు. ఎముక దగ్గర ఎర్రగా మిగిలే కాల్చిన ముక్కలతోనూ, మాంసం కోసిన కత్తితోనే పచ్చి ఉల్లిపాయలు, నిమ్మచెక్కలు కోసి పక్కన పెట్టడంతోనూ చిక్కు వస్తుంది. కడగకుండా ఉండలేమంటే గిన్నెలో నీళ్లు పోసి చిందకుండా కడిగి, సింకును సబ్బుతో రుద్దండి. ఉల్లిపాయలను మాంసం ముట్టుకోకముందే తరిగి పెట్టుకోండి.