జెల్ డ్రమ్ము ఎవరిదో ముందే తేల్చుకో

అమ్మాయీ,

కాగితం మిల్లుతో ఒప్పందం దాకా వచ్చిందని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పుడు నాకెంత సంతోషమేసిందో! కలపలోంచి నానోసెల్యులోజ్ (కంటికి కనపడనంత సన్నటి సెల్యులోజ్ పోగులు) తీసి, ప్లాస్టిక్ పూత అక్కర్లేని ప్యాకింగ్ కాగితం చేయాలన్న నీ ఆలోచన ఫైల్లోనే ఉండిపోకూడదు. ముప్పై ఏళ్లు పల్ప్ (కలప గుజ్జు) ల్యాబులో పనిచేసినవాణ్ని కనుక, సంతకానికి ముందే నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

అన్నిటికన్నా ముందు నీళ్ల సంగతి చూసుకో. ఈ పోగులు నీళ్లతో కలిసిన జెల్‌గా వస్తాయి కదా, ఆ జెల్‌లో సెల్యులోజ్ రెండు శాతమైతే మిగతా 98 శాతం నీళ్లే. వంద కిలోల డ్రమ్ము లారీ ఎక్కిస్తే అందులో అసలు సరుకు రెండు కిలోలు. పోనీ ఆరబెట్టి పంపుదామా అంటే, ఆరేటప్పుడు పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, తర్వాత నీళ్లలో వేసినా సరిగ్గా విడిపోవు.

మేమూ ఒక కాలేజీతో కలిసి ఇలాంటి పనే మొదలుపెట్టాం. మే నెలలో డ్రమ్ము వచ్చింది. దాన్ని ఎవరు దింపుకోవాలో ఒప్పందంలో లేదు. స్టోర్స్ వాళ్లు ల్యాబుదన్నారు, మేం ప్రొడక్షన్ వాళ్లదన్నాం. మూడు వారాలు రేకుల షెడ్డులోనే ఉండిపోయింది. మూత తీస్తే పులిసిన గంజి వాసన, పైన నల్లటి బూజు. అంచున ఆరిపోయిన పొరను గోటితో గీకి చూశాను, గేదె కొమ్ములా గట్టిపడింది. ఆ జెల్ కోసం ఒక కుర్రాడు హోమోజనైజర్ (పల్ప్‌ను ఒత్తిడితో సన్నటి పోగులుగా చీల్చే యంత్రం) దగ్గర ఎన్నో రాత్రుళ్లు కూర్చున్నాడు. అతనికి ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది నేనే. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

అందుకే జెల్ ఎవరు తీస్తారు, ఎంత చిక్కగా తీస్తారు, చల్లగా ఎక్కడ ఉంచుతారు, ఎన్ని రోజుల్లో ఎవరు వాడతారు అన్నది మొదటి పేజీలోనే రాయించు. వీలైతే మిల్లు ఆవరణలోనే తయారుచెయ్యి. పల్ప్, ఆవిరి, మురుగునీటి శుద్ధి అన్నీ అక్కడే ఉంటాయి. కెనడాలో ఎఫ్‌పీఇన్నొవేషన్స్ అనే పరిశోధన సంస్థ, డోమ్‌టార్ అనే కాగితం కంపెనీ కలిసి 2012లో రోజుకు టన్ను తీసే సెల్యుఫోర్స్ ప్లాంటు మొదలుపెట్టినప్పుడు, దాన్ని క్యుబెక్‌లోని విండ్సర్ పల్ప్ మిల్లు దగ్గరే కట్టారు.

పల్ప్ విషయంలో మొహమాటపడకు. మన వైపు మిల్లుల్లో సుబాబుల్, సరుగుడు, జామాయిల్ దొరికినదాన్ని బట్టి కలిపి వండుతారు. ఈ నెల పల్ప్‌కీ వచ్చే నెల పల్ప్‌కీ పొంతన ఉండదు. ఒకే కుక్‌లోంచి ఆర్నెల్లకు సరిపడా, ఆరబెట్టని పల్ప్ తీయించి కోల్డ్ రూమ్‌లో పెట్టించు. ఏ కర్ర ఎంత కలిపారో, కప్పా నంబర్ (పల్ప్‌లో మిగిలిన లిగ్నిన్ అనే కర్ర జిగురు కొలత) ఎంతో డబ్బా మీదే రాయించు.

మీటింగులకు మేనేజర్లు ఎలాగూ వస్తారు. పేపర్ మెషీన్ నడిపే షిఫ్ట్ ఇన్‌ఛార్జిని కూడా పిలిపించు. నానోసెల్యులోజ్ నీళ్లను పట్టుకుని వదలదు. పల్ప్‌లో కలిపితే వైర్ (మెషీన్‌లో కాగితం పరుచుకునే జల్లెడ) మీద నీళ్లు దిగవు, పూతగా వేస్తే డ్రయ్యర్లకు ఆవిరి ఎక్కువ కావాలి. ఇందులో ఏది మెషీన్ తట్టుకుంటుందో ఆయన్నే అడుగు.

ప్యాకింగ్ వాడే కంపెనీని చివర్లో కాదు, మొదటి రోజే కూర్చోబెట్టు. జపాన్‌లో క్యోటో విశ్వవిద్యాలయం ముందుండి నడిపిన ప్రాజెక్టు 2019 టోక్యో మోటార్ షోలో నానోసెల్యులోజ్ భాగాలతో కారు చూపించింది. విశ్వవిద్యాలయాలతో పాటు కంపెనీలూ అందులో కలిసి పనిచేశాయి. నీకు ఇది మరీ అవసరం. ఈ పొర పొడిగా ఉన్నప్పుడు ఆక్సిజన్‌ను బాగా ఆపుతుంది, తేమ తగిలితే ఆ గుణం తగ్గిపోతుంది. ఏసీ ల్యాబులో 50 శాతం తేమ దగ్గర వచ్చిన రిజల్ట్ చూసి మురిసిపోకు. ఆగస్టులో కాకినాడ గోడౌన్‌లో ఆ ప్యాకెట్ ఎలా ఉంటుందో చూడాలి.

పేటెంట్ గొడవలో నీ విద్యార్థుల థీసిస్ ఇరుక్కోకుండా చూసుకో. పేపర్ ప్రచురించేలోపే దరఖాస్తు పడాలి, అది నిజమే. అయితే మన దేశంలో ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేస్తే పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది. అందుకని డ్రాఫ్ట్ అందాక ఇన్ని రోజుల్లో కంపెనీ జవాబు చెప్పాలని, చెప్పకపోతే విద్యార్థి ప్రచురించుకోవచ్చని రాయించు. దీనికి ఒప్పుకోకపోతే సంతకం వాయిదా వెయ్యి, పర్వాలేదు.

ఇంకొకటి, కరెంటు మీటరు. హోమోజనైజర్‌కు విడిగా మీటరు పెట్టించి కిలోకు ఎన్ని యూనిట్లో మొదటి రోజు నుంచీ రాసుకో. ముందుగా ఎంజైముతో పల్ప్‌ను మెత్తబరిస్తే ఆ ఖర్చు బాగా తగ్గుతుంది. చెట్టు నుంచి వచ్చింది కదా, పర్యావరణానికి మంచిదేలే అనుకుని ఈ లెక్క వదిలెయ్యకు.

ముసాయిదా రాగానే జెల్ నిల్వ, రవాణా పేజీలు నాకు పంపు. ఆ రాత్రికే చదివి ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
మావయ్య