జెరేనియం ఆకులేస్తోంది, పూయట్లేదా?

అక్కా, మీ విజయనగరం డాబా మీద జోనల్, ఐవీ, రీగల్ మూడు రకాలూ ఏపుగా ఉన్నాయి గానీ మొగ్గే లేదన్నారు. పది రోజులకోసారి యూరియా వేస్తున్నానని కూడా రాశారు. ముందు అది ఆపేయండి. నత్రజని ఎక్కువైతే ఆకులే వస్తాయి. దాని బదులు పదిహేను రోజులకోసారి లీటరు నీటికి 2 గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ కలిపి పోయండి.

ఇవి దక్షిణాఫ్రికా మొక్కలు. ఎండ కావాలి, తడి పడదు. వేలు రెండో కణుపు దాకా గుచ్చి, మట్టి పొడిగా తగిలితేనే నీళ్లు. మొదలు దగ్గర కాడ నల్లబడి మెత్తగా అయిందంటే కుళ్లు పట్టినట్టే, పైనున్న మంచి కొమ్మ కోసి వేరే కుండీలో నాటుకోండి. వానాకాలమంతా చూరు కింద ఉంచాలి.

జోనల్, ఐవీలకి కార్తీకం నుంచి మాఘం దాకా నిండు ఎండ ఇవ్వండి, తప్పకుండా పూస్తాయి. వాడిన గుత్తి కాడని మొదలు దగ్గర పట్టుకుని పక్కకి వంచితే టక్కున ఊడొస్తుంది. అలా తీసేస్తుంటేనే కొత్త మొగ్గలు.

రీగల్ సంగతి వేరు. మొగ్గ కట్టడానికి దానికి వారాల తరబడి 15 డిగ్రీల లోపు రాత్రులు కావాలి. మన దగ్గర అంత చలి నిలవదు. దాని మీద బెంగ పెట్టుకోకండి, ఆ చోటు ఇంకో జోనల్‌కి ఇవ్వండి.