మాస్టర్ గార్డెనర్ శిక్షణకు వెళ్లబోతున్న అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. టెక్సాస్‌లోని కాలిన్ కౌంటీలో మాస్టర్ గార్డెనర్ శిక్షణకు, అంటే తోటపని నేర్చుకుని ఊరివాళ్ల సందేహాలు తీర్చే స్వచ్ఛంద సేవకు, నిన్ను ఎంపిక చేశారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వినగానే కడుపు నిండినట్టయింది. నేను చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి, తరగతులు మొదలయ్యేలోపు నీకు కొన్ని విషయాలు రాయాలనిపించింది. మొక్కల సంగతులు వాళ్లు నేర్పుతారు. మనుషులతో ఎలా మెలగాలో నేను చెబుతాను.

ముందుగా ఈ కార్యక్రమం ఎందుకు పుట్టిందో తెలుసుకో. విశ్వవిద్యాలయాల్లో పోగైన వ్యవసాయ జ్ఞానాన్ని పల్లెలకు చేర్చడానికి అమెరికా 1914లో చట్టం చేసి విస్తరణ సేవను ఏర్పాటు చేసింది. నగరాలు పెరిగాక, పెరట్లో నాలుగు మొక్కలు వేసుకున్నవాళ్లు కూడా ఆ అధికారులకే ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్, టకోమా ప్రాంతాల అధికారులు ఆ తాకిడికి తట్టుకోలేక 1972లో ఒక ఆలోచన చేశారు. ఆసక్తి ఉన్నవాళ్లకు మనమే చదువు చెబుదాం, బదులుగా వాళ్లు ఊరివాళ్ల సందేహాలు తీరుస్తారు అనుకున్నారు. మరుసటి ఏడాది మొదటి శిక్షణ జరిగింది. టెక్సాస్‌లో ఇప్పుడు ఆ బాధ్యత టెక్సాస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయ విస్తరణ విభాగానిది. కనీసం 50 గంటల పాఠాలు, ఆ తర్వాత ఏడాదిలోగా 50 గంటల సేవ. ఆ లెక్కలోనే అసలు సంగతి ఉంది. నీకు చెప్పే ప్రతి గంట పాఠం రేపు నీ ఎదుట కూర్చోబోయే మనిషి కోసం చెబుతున్నది. మన పెరడు బాగుపడటం దానితోపాటు వచ్చే లాభం మాత్రమే.

నిన్ను మొదట సందేహాల బల్ల దగ్గర కూర్చోబెడతారు. ఎవరో ఒకరు ప్లాస్టిక్ సంచిలో రెండు ఆకులు తెచ్చి ముందు పెడతారు. చూడగానే జవాబు తెలిసినట్టే ఉంటుంది. అప్పుడే నోరు కట్టేసుకోవాలి. కుండీలోనా, నేలలోనా? ఎప్పుడు నాటారు? నీళ్లు ఎన్నాళ్లకోసారి పోస్తారు? ఎండ ఎంతసేపు పడుతుంది? పక్క మొక్క ఎలా ఉంది? ఇవన్నీ అడిగాకే ఆకును చేతిలోకి తీసుకో. చాలాసార్లు మూడో ప్రశ్నకే వాళ్లంతట వాళ్లకు కారణం తడుతుంది.

మనవాళ్లు ఎక్కువగా తెచ్చే ఆకు కరివేపాకే కాబట్టి దాని గురించి చెబుతాను. "పచ్చబడిపోతోందండీ" అంటారు. ఏ ఆకు పచ్చబడింది? కొసన వచ్చే లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా గీత గీసినట్టు నిలిచి ఉంటే అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు, మన ప్రాంతపు సున్నపు నేల, క్షారగుణం ఉన్న నీరు దాన్ని వేరుకు అందనివ్వవు. అలాంటిచోట ఈడీడీహెచ్ఏ రకం ఐరన్ చీలేట్, అంటే సున్నపు నేలలోనూ వేరుకు అందే రూపంలో ఉన్న ఇనుము, పనిచేస్తుంది. అలా కాక అడుగున ముదురాకులు ఈనెలతో సహా ఒకే తీరుగా పాలిపోతుంటే నత్రజని చాలడం లేదని అనుమానించాలి. చలికాలంలో ఇంట్లో పెట్టిన కుండీ మొక్క ఆకులన్నీ పసుపెక్కి రాల్చేస్తే కంగారుపడి నీళ్లు కుమ్మరించవద్దని చెప్పు. అది నిద్రలో ఉంది, ఆ తడికే వేళ్లు కుళ్లుతాయి. మూడూ "పచ్చబడటమే", మూడింటికీ మందు వేరు. అడగకుండా జవాబు చెప్పకూడదనేది ఇందుకే.

ఆ బల్ల దగ్గరే ఒక బామ్మగారు "పుల్లటి మజ్జిగ పోయమ్మా, నా చెట్టు చూడు ఎలా ఉందో" అంటారు. ఆవిడ మాట తీసిపారేయకు. ఆవిడ చెట్టు నిజంగానే బాగుండి ఉంటుంది. అయితే మాస్టర్ గార్డెనర్ బ్యాడ్జి పెట్టుకున్నంతసేపు నువ్వు చెప్పే మాట విశ్వవిద్యాలయం మాట. పరీక్షకు నిలిచిందే చెప్పాలి. ఇంతటి సున్నపు నేల ముందు లోటా మజ్జిగ పులుపు ఏ మూలకూ చాలదు. అదే పద్ధతి గుడ్డు పెంకులకూ వర్తిస్తుంది. టమాటా కాయ అడుగున నల్లటి తోలు మచ్చ వస్తే పెంకులు వేయమని అందరూ చెబుతారు. మన నేలలో కాల్షియానికి కొదవ లేదు. ఒకరోజు ఎండగట్టి మరురోజు ముంచెత్తడం వల్ల అది కాయదాకా చేరక ఆ మచ్చ వస్తుంది. మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డి పరిచి, తడి ఒకే తీరుగా ఉంచమని చెప్పు.

జవాబు తెలియకపోతే "కనుక్కుని చెబుతాను" అను, ఫోను నంబరు రాసుకో, తప్పకుండా ఫోను చెయ్యి. ఈ చివరిది చాలామంది చేయరు. మొక్క చచ్చిపోయాక వచ్చిన సరైన జవాబు ఎవరికీ పనికిరాదు. పురుగుమందుల విషయంలో మాత్రం ఊహకు చోటే లేదు. డబ్బా మీద ముద్రించిన లేబులు ఈ దేశంలో చట్టం. ఆ మొక్కకు, ఆ మోతాదుకు దాని మీద అనుమతి లేకపోతే నువ్వూ చెప్పకూడదు. సహజమైనదని వేపనూనెకూ మినహాయింపు లేదు.

ఒక విషయంలో నువ్వు కఠినంగా ఉండాలి. మనవాళ్లకు కరివేపాకు పిలకలు పంచుకోవడం పసుపు కుంకుమలు ఇచ్చుకున్నంత ఇష్టమైన పని. ఆ మొక్క నిమ్మ, నారింజల కుటుంబానిది. ఆసియా సిట్రస్ సిల్లిడ్ అనే చిన్న పురుగు దాని మీద గుడ్లు పెట్టి పెరుగుతుంది. ఆ పురుగు మోసే సిట్రస్ గ్రీనింగ్ తెగులు 2005లో ఫ్లోరిడాలో, 2012లో టెక్సాస్ దక్షిణాన రియో గ్రాండే లోయలోనూ కాలిఫోర్నియాలోనూ కనిపించింది. సోకిన చెట్టును బతికించే మందు లేదు. తుఫానులు కూడా తోడై ఫ్లోరిడా నారింజ దిగుబడి ఒకప్పటిలో పదో వంతుకంటే దిగువకు పడిపోయింది. టెక్సాస్ అంతా ఆ పురుగు విషయంలో ఆంక్షల్లో ఉంది. అట్లాంటాలో ఉన్న చెల్లెలికి కారులో మొక్క పట్టుకెళ్తానని ఎవరన్నా అంటే వద్దని గట్టిగా చెప్పు. కౌంటీ దాటించాలన్నా ముందు నిబంధనలు కనుక్కోమను. ఊరి నుంచి పెట్టెలో విత్తనాలు తెచ్చుకునేవాళ్లకు అనుమతి పత్రాల సంగతి చెప్పాల్సింది కూడా మనమే. మన భాషలో, మన ఇంటి మాటగా చెబితే వింటారు. అధికారి కాగితం చేయలేని పని అది.

నేల సంగతికొస్తే నీకు ఒక గొప్ప అనుకూలత ఉంది. డాలస్ చుట్టుపక్కల ఉన్నది బ్లాక్‌లాండ్ ప్రెయిరీ, అంటే మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. టెక్సాస్ రాష్ట్ర నేలగా చెప్పుకునే హ్యూస్టన్ బ్లాక్ అనే మట్టి కూడా ఆ జాతిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఇక్కడి కొత్తవాళ్లు వాన వెలిసిన మర్నాడే పార పట్టి ఇటుకల్లాంటి గడ్డలు చేసుకుంటారు. గుంటూరు, ఆదిలాబాద్ వైపు పత్తి పండించిన రైతుకు పదును, అంటే తవ్వడానికి తగిన తడి, ఏమిటో వేరే చెప్పాలా? గుప్పెడు మట్టి పిసికి ముద్ద చేసి బొటనవేలితో నొక్కు. పొడిగా విడిపోతే తవ్వవచ్చు, బంకలా సాగితే ఆగాలి. పిల్లల దగ్గరికి వచ్చి, పగలంతా కిటికీ దగ్గర కూర్చునే తల్లిదండ్రుల్లో ఇలాంటివాళ్లు ఎంతమందో. వాళ్లను కమ్యూనిటీ తోటకు తీసుకెళ్లు. ఇంగ్లీషు రాదని వెనకాడతారు. పక్కన నిలబడి నువ్వు అనువదించు. అలాంటి ఒక పెద్దాయన మట్టి ముద్ద చేసి చూపిస్తుంటే చుట్టూ మూగిన తెల్లవాళ్ల ముఖాల్లో గౌరవం కనిపిస్తుంది. ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి ఆ రాత్రి ఎంత మాట్లాడతాడో ఆయన కోడలు నీకు చెబుతుంది. సేవలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

మనమూ మనవాళ్లకే పరిమితం కాకూడదు. మనకు తెలిసిన కూరలు వేసవిలో ఇక్కడివాళ్లకు చాలా పనికొస్తాయి. జూలైలో రాత్రి వేడి 75 ఫారన్‌హీట్ దాటాక టమాటా పూత నిలవదు. అప్పుడు గోంగూర, బచ్చలి, తోటకూర, బెండ విరగకాస్తాయి. ఉచిత ఆహార కేంద్రానికి బెండకాయలు ఇవ్వు, వండే పద్ధతి ఒక చీటీ మీద రాసి జత చెయ్యి. బీర, సొర వేసినవాళ్లు "పూత బోలెడు, కాయ లేదు" అని వస్తే మొదట వచ్చేవి మగపూలని చెప్పు. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి పగటి తేనెటీగ వాటి జోలికి పెద్దగా రాదు. దీపాలు పెట్టే వేళ మగపువ్వు కోసి, కింద పిందె ఉన్న ఆడపువ్వుకు అద్దితే చాలు. బడి పిల్లలకు ఇది చూపిస్తే మరి మర్చిపోరు. బడిలో మాత్రం ఉపన్యాసం వద్దు. గింజ చేతిలో పెట్టు, పక్కకు జరుగు.

బ్యాడ్జి గురించి ఒక్క మాట. నర్సరీ నడిపే స్నేహితులెవరైనా నీ బిరుదు తమ ప్రకటనలో వేసుకుంటామంటే మొహమాటపడకుండా కాదను. ఆ పేరును వ్యాపారానికి వాడకూడదని నియమం. ఫలానా కంపెనీ ఎరువే మంచిదని కూడా నీ నోట రాకూడదు. సేవ చేసిన గంటలు ఆ రోజే నమోదు చెయ్యి. వాటిని చూపించి ఈ కార్యక్రమానికి కౌంటీలో నిధులు అడుగుతారు.

తరగతులకు గీతల్లేని నోటు పుస్తకం కొనుక్కో, ఆకుల బొమ్మలు వేసుకోవడానికి వీలుగా ఉంటుంది. ఒక చిన్న భూతద్దం కూడా కావాలి. పది రెట్లు పెద్దగా చూపించేది చాలు, సిల్లిడ్ పిల్లపురుగులు దానితోనే కనిపిస్తాయి. మొదటి వారం బల్ల దగ్గర ఏం ప్రశ్నలు వచ్చాయో నాకు రాయి, జవాబులు వద్దు. నేనేం అడిగి ఉండేదాన్నో తిరిగి రాస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ